డేటాబేస్ వర్చువల్ ప్రతులు: ‘ప్రతి’ అనే భావన మారిన తీరు

వ్యాససంగ్రహం: ఒక డేటాబేస్‌కు పది ప్రతులు కావాలంటే పదింతల స్టోరేజ్ అవసరమన్న భావన సుమారు నాలుగు దశాబ్దాలలో ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్థలం ఆదా అయిన మేరకు ప్రతికి ఉండే స్వతంత్రత తగ్గిందన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: డేటాబేస్, వర్చువల్ ప్రతి, కాపీ-ఆన్-రైట్, స్నాప్‌షాట్, నెట్‌వర్క్ స్టోరేజ్, పాఠపరిష్కరణ.

ఉపోద్ఘాతం

సాహిత్య పరిశోధకులకు ‘ప్రతి’ అనే మాట సుపరిచితం. తాళపత్రాలు శిథిలమవుతున్నప్పుడు లేఖకులు వాటిని ఎత్తిరాశారు. మూలానికి చెదలు పట్టినా, ఎత్తిరాసిన ప్రతి మిగిలింది. పరిష్కర్తల పద్ధతి వేరు. సి.పి. బ్రౌన్ పండితుల చేత అనేక ప్రతులను సేకరింపజేసి పాఠాలను సరిపోల్పించాడు. ఒక పాఠాన్ని ఆధారంగా స్వీకరించి, ఇతర ప్రతులు భేదించిన చోట మాత్రమే పాఠాంతరాన్ని అధోజ్ఞాపికలో చూపడం నేటి పరిష్కరణలో పరిపాటి. లేఖకుడు గ్రంథమంతా రాస్తాడు. పరిష్కర్త భేదాన్ని మాత్రమే రాస్తాడు. డేటాబేస్ ప్రతుల చరిత్రను లేఖకుని పద్ధతి నుంచి పరిష్కర్త పద్ధతికి జరిగిన మార్పుగా చదవవచ్చు.

ఈ ప్రతుల అవసరం ఎక్కడిది? ఒక బ్యాంకు ఖాతాల డేటాబేస్ నిత్యం లావాదేవీలతో నడుస్తూ ఉంటుంది. కొత్త ప్రోగ్రామును దానిపైనే పరీక్షించడం ప్రమాదకరం. అందుచేత ప్రోగ్రామర్లకు, పరీక్షకులకు, నివేదికలు తయారుచేసేవారికి వేర్వేరు ప్రతులు కావాలి; వాటిని వారు స్వేచ్ఛగా మార్చుకోగలగాలి. ఉదాహరణకు ఒక టెరాబైట్ డేటాబేస్‌కు పది పూర్తి ప్రతులంటే మరో పది టెరాబైట్లు. ఒక్కొక్క ప్రతిలో మారేది ఇరవై గిగాబైట్లే అయితే, ఉమ్మడి మూలం ఒకటి, దానిపై రెండువందల గిగాబైట్ల భేదాలు సరిపోతాయి.

మెమరీ నుంచి డిస్కుకు

ఈ ఆలోచన మొదట డేటాబేస్‌ల కోసం పుట్టలేదు. 1972లో బాబ్రో, బర్చ్‌ఫీల్, మర్ఫీ, టామ్లిన్‌సన్ ప్రకటించిన టెనెక్స్ వ్యవస్థలో, అనేక ప్రోగ్రాములు మెమరీలోని ఒకే పుటను పంచుకునేవి. వాటిలో ఒకటి ఆ పుటపై రాయబోయినప్పుడు మాత్రమే దానికి సొంత నకలు ఏర్పడేది. దీనినే కాపీ-ఆన్-రైట్ అంటారు. (నెట్‌వర్క్‌పై తొలి ఈమెయిల్ పంపినవాడు ఈ టామ్లిన్‌సనే.)

డిస్కుపై ఈ సూత్రం స్థిరపడటానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఈలోగా 1980ల మధ్యలో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ ఎన్‌ఎఫ్‌ఎస్‌ను తీసుకువచ్చింది. దూరపు యంత్రంలోని ఫైళ్లను సొంత యంత్రంలో ఉన్నట్లే వాడుకొనే వీలు దానితో కలిగింది. 1992లో హిట్జ్, లా, మాల్కమ్ స్థాపించిన నెట్‌వర్క్ అప్లయన్స్ సంస్థ, ఎన్‌ఎఫ్‌ఎస్ కోసమే ప్రత్యేక యంత్రాన్ని రూపొందించింది. దానిలోని వాఫల్ ఫైల్ వ్యవస్థను వారు 1994 యూజనిక్స్ సదస్సులో వివరించారు.

వాఫల్ నిర్మాణాన్ని కొంత నిదానంగా చూడాలి. అందులో సమాచారం నాలుగు కిలోబైట్ల బ్లాకులుగా, ఒకే వేరు నుంచి విస్తరించే వృక్షంలా అమరి ఉంటుంది. బ్లాకు మారితే పాతదానిపై రాయరు. కొత్త చోట రాసి, వేరు వరకు దారిని సవరిస్తారు. కనుక స్నాప్‌షాట్ తీయడమంటే వేరును మాత్రమే నకలు చేయడం. అది క్షణాలలో ముగిసే పని. ప్రతి బ్లాకుకూ పట్టికలో 32 బిట్లు కేటాయించారు: ఒకటి ప్రస్తుత వ్యవస్థకు, కొన్ని ఒక్కొక్క స్నాప్‌షాట్‌కు. అన్ని బిట్లూ సున్నా అయితేనే ఆ బ్లాకు ఖాళీ అయినట్లు. అప్పట్లో ఇరవై స్నాప్‌షాట్ల వరకు ఉంచుకోగలిగేవారు. అయితే అవి చదవడానికే పనికివచ్చేవి. రాయడానికి వీలున్న క్లోన్లు తరువాతి దశలో వచ్చాయి.

2005లో ఓపెన్‌సొలారిస్‌లో వెలువడిన జెడ్‌ఎఫ్‌ఎస్, ఇదే సూత్రాన్ని బహిరంగ మూలసంకేతంలో అందరికీ అందించింది. 2007లో నెట్‌యాప్ తన పేటెంట్లను ఉల్లంఘించారంటూ సన్‌పై దావా వేసింది, సన్ ఎదురు దావా వేసింది. సన్‌ను ఒరాకిల్ కొన్న తరువాత, 2010లో ఉభయుల అంగీకారంతో ఆ వ్యాజ్యం ముగిసింది. పాత బ్లాకుపై రాయకుండా ఉండటం అనే పద్ధతికి ఎంత వాణిజ్య విలువ ఏర్పడిందో ఈ వివాదం చూపుతుంది.

డేటాబేస్ దగ్గరి చిక్కు

ఫైలుకు సరిపోయిన పద్ధతి డేటాబేస్‌కు యథాతథంగా సరిపోదు. నడుస్తున్న డేటాబేస్‌లో కొన్ని మార్పులు డిస్కుకు చేరి ఉంటాయి, కొన్ని మెమరీలోనే ఉంటాయి. అందుకే డేటా ఫైళ్లతో పాటు మార్పులను వరుసగా నమోదు చేసే రీడూ లాగ్ కూడా ఉంటేనే ప్రతి పొందికగా తెరుచుకుంటుంది. 2008లో జెడిడయా యూ స్థాపించిన డెల్ఫిక్స్ సంస్థ ఈ రెంటినీ జోడించింది. మూలాన్ని ఒకసారి పూర్తిగా తీసుకుని, ఆపై మారిన బ్లాకులను, లాగ్‌లను మాత్రమే సేకరిస్తుంది. కోరిన సమయానికి డేటాబేస్ ఎలా ఉండేదో ఆ రూపంలో ప్రతిని ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా అందిస్తుంది. ఒరాకిల్ సైతం 11.2.0.2 వెర్షన్‌లో, బ్యాకప్‌ను ఆధారంగా ఉంచి మార్పులను మాత్రమే వేరే ఫైలులో రాసే క్లోన్‌డీబీని చేర్చింది.

మూలంపై ఆధారపడిన ప్రతి

తాళపత్రంతో పోలిక ఇక్కడ తెగిపోతుంది. ఎత్తిరాసిన ప్రతి మూలం నశించినా బతుకుతుంది. వర్చువల్ ప్రతి అలా బతకదు. ఉమ్మడి బ్లాకు ఒకటి చెడితే దానిని పంచుకునే పది ప్రతులూ ఒకేసారి చెడతాయి. కాబట్టి వీటిని బ్యాకప్‌గా లెక్కించడం నా దృష్టిలో పొరపాటు. పరిష్కృత గ్రంథంలో ఆధారపాఠాన్ని చించివేస్తే, అధోజ్ఞాపికలు మాత్రమే మిగిలి అర్థం కోల్పోతాయి కదా!

వ్యక్తిగత సమాచారం విషయంలో చిక్కు మరింత సూక్ష్మమైనది. ప్రతులు చౌక కావడంతో ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు చేరే చోట్లు పెరిగాయి. వాటిని మరుగుపరచాలంటే బ్లాకులను తిరగరాయాలి. అలా ప్రతి నకలులోనూ విడిగా చేస్తే ఆదా అయిన స్థలం తరిగిపోతుంది. అందుకే ముందుగా ఒక ప్రతిలో వివరాలను మరుగుపరచి, ఆ ప్రతి నుంచే మిగిలినవాటిని పుట్టిస్తారు. తొలగింపు మాత్రం ఇంత సులువు కాదు. మూల డేటాబేస్‌లో ఒక ఖాతాదారు వివరాలను తుడిచివేసినా, పాత స్నాప్‌షాట్ ఒక్కటి ఆ బ్లాకును పట్టుకుని ఉన్నంతకాలం పట్టికలో దాని బిట్ సున్నా కాదు. ఆ వివరాలు డిస్కుపై అలాగే ఉంటాయి.