వెంబ్లీ బెంచి మీద ఒమన్

ఇంగ్లండులో ఎఫ్.ఏ. కప్పు 1871లో మొదలైంది. ఫుట్‌బాల్‌లో ఇంతకంటే పాత కప్పు పోటీ లేదు. లీగ్‌లో ఏడాది పొడుగునా ఆడాలి కాబట్టి చివరికి డబ్బున్న జట్టుదే పైచేయి అవుతుంది. కప్పులో అలా కాదు. ఓడితే ఇంటికి, గెలిస్తే ముందుకి. ఒక్క పూట కలిసొస్తే చిన్న జట్టు కూడా పెద్దవాళ్ళని పడగొట్టచ్చు. 2013 మే 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో అదే జరిగింది.

ఒకవైపు మాంచెస్టర్ సిటీ, అంతకు ముందు ఏడాది లీగ్ విజేత. ఇంకోవైపు విగన్ అథ్లెటిక్. విగన్ అంటే మన కొత్తగూడెం లాంటి బొగ్గు ఊరు, పైగా అక్కడి జనానికి రగ్బీ మీదే మోజు. 1932లో పుట్టిన ఆ క్లబ్బు అప్పటిదాకా ఒక్క పెద్ద కప్పూ గెలవలేదు. ఈ మ్యాచ్‌తో ఒమన్‌కి ఒక చుట్టరికం ఉంది. విగన్ గోల్‌కీపర్లలో ఒకడు అలీ అల్ హబ్సీ.

అల్ హబ్సీది మస్కట్‌కి దక్షిణాన ఉన్న ముదైబీ. కుర్రతనంలో మస్కట్ విమానాశ్రయంలో ఫైర్‌మాన్‌గా పనిచేస్తూనే ఫుట్‌బాల్ ఆడేవాడు. ఒమన్ గోల్‌కీపర్లకి శిక్షణ ఇవ్వడానికి వచ్చిన జాన్ బరిడ్జ్ అనే పాత ఇంగ్లిష్ ఆటగాడి కంట పడ్డాడు. ఈ కుర్రాడు ఇంగ్లండులో ఆడాల్సినవాడని బరిడ్జ్ పట్టుబట్టాడు. క్లబ్బులు ట్రయల్స్‌కి పిలిచాయి కూడా. కానీ వర్క్ పర్మిట్ రాలేదు. యూరప్ బయటి ఆటగాడైతే అతని దేశం ఫిఫా ర్యాంకుల్లో మొదటి 70లో ఉండాలన్నది అప్పటి నిబంధన. మనిషి ఎంత బాగా ఆడతాడన్న దానికంటే ముందు, పాస్‌పోర్టు ఏ దేశానిదని అడుగుతారన్నమాట. వీసా కాగితం కోసం నెలల తరబడి ఎదురుచూసిన మన గల్ఫ్ తెలుగువాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మనం పర్మిట్ తెచ్చుకుని వచ్చే దేశం నుంచి బయటికి వెళ్ళడానికి ఒకడికి పర్మిట్ దొరకలేదు.

దాంతో 2003లో నార్వే వెళ్ళాడు. ఓస్లోలోని లిన్ క్లబ్బులో ఆడి, 2004లో ఆ దేశపు ఉత్తమ గోల్‌కీపర్ అనిపించుకున్నాడు. 2006 జనవరిలో బోల్టన్ అతన్ని తీసుకుంది. అక్కడ చాలాకాలం బెంచి మీదే. 2010లో విగన్‌కి వచ్చాక గానీ ప్రీమియర్ లీగ్‌లో గోల్ అతని చేతికి రాలేదు. మొదటి ఏడాదే క్లబ్బు ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ సీజన్లోనూ, తర్వాతి సీజన్లోనూ విగన్ కింది డివిజన్‌కి పడిపోకుండా చివరి నిమిషంలో గట్టెక్కింది.

ఇక ఫైనల్. 2013 వసంతానికి అతని స్థానం స్పెయిన్ కుర్రాడు జోయెల్ రోబ్లెస్‌కి వెళ్ళిపోయింది. వెంబ్లీలో 86,254 మంది ముందు గోల్‌లో నిలబడింది జోయెలే. అల్ హబ్సీ మైదానంలోకి దిగలేదు. 84వ నిమిషంలో సిటీ ఆటగాడు జబలేటాకి రెడ్ కార్డు పడింది. 91వ నిమిషంలో మలోనీ కొట్టిన కార్నర్‌కి బెన్ వాట్సన్ తల తగిలించాడు. 1-0. ఈ వాట్సన్ కూడా సబ్‌స్టిట్యూట్‌గా దిగినవాడే, కాలు విరిగి నెలల తరబడి ఆటకి దూరమై అప్పుడే తిరిగొచ్చినవాడు. మ్యాచ్‌కి ముందు జట్టుతో మైదానంలోకి నడిచిన క్లబ్బు యజమాని డేవ్ వీలన్ 1960లో ఇదే కప్పు ఫైనల్లో బ్లాక్‌బర్న్ తరఫున ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు.

మూడు రోజుల తర్వాత ఆర్సెనల్ చేతిలో 4-1తో ఓడి విగన్ ప్రీమియర్ లీగ్ నుంచి జారిపోయింది. ఒకే సీజన్లో ఎఫ్.ఏ. కప్పు గెలిచి, లీగ్‌లో కింది డివిజన్‌కి పడిపోయిన మొదటి క్లబ్బు అదే. కోచ్ మార్టినెజ్, వెనకాలే జోయెల్ ఎవర్టన్‌కి వెళ్ళిపోయారు. అల్ హబ్సీ మాత్రం విగన్‌తోనే కిందికి దిగాడు.

ఆడని కప్పు అతనిదెలా అవుతుందని అడగచ్చు. ఒమన్‌వాళ్ళకి అతను గెలిపించిన కప్పు వేరే ఉంది. 2009 జనవరి 17న మస్కట్‌లో గల్ఫ్ కప్పు ఫైనల్. 0-0 తర్వాత పెనాల్టీల్లో 6-5తో సౌదీ మీద గెలుపు. ఆ టోర్నమెంటు మొత్తంలో, పెనాల్టీ షూటౌట్ వదిలేస్తే, ఒమన్ వలలో ఒక్క బంతీ పడలేదు. అంతకు ముందు వరసగా రెండు ఫైనల్స్ ఓడిన దేశానికి అదే తొలి గల్ఫ్ కప్పు. దానితో పోలిస్తే వెంబ్లీలో అతని చెయ్యేమీ లేదు.

నాకు మాత్రం వెంబ్లీ లెక్క అక్కడితో తేలదు. విగన్‌ని రెండేళ్ళు ప్రీమియర్ లీగ్‌లో నిలబెట్టిన చేతులు అతనివి. మూడో ఏడు లీగ్‌లో కూడా ఎక్కువ మ్యాచ్‌లకి గోల్ కాసింది అతనే. పర్మిట్ ఇవ్వమన్న దేశంలో, ఆ దేశపు అన్నిటికన్నా పాత కప్పు గెలిచిన జట్టులో ఒక ఒమనీ పేరు ఉంది. స్కోరుకార్డులోని పదకొండు పేర్లే చరిత్ర అనుకుంటే ఆ పేరు కనబడదు.