కారెంపూడి వీరుల గుడి

యుద్ధమున మడిసినవారికి స్మారకములు నిలుపుట పాశ్చాత్యులనుండి మనము నేర్చుకొన్న యాచారమని తలచువారు కొందరు కలరు. 1914-18 సంవత్సరముల మహాసంగ్రామము ముగిసిన పిమ్మట ఇంగ్లండునందు దాదాపు ప్రతి గ్రామమునను ఒక స్మారకము వెలసి, ఆ యూరి మృతుల పేర్లు దానిపై చెక్కబడిన మాట నిజమే. కాని అంతకు శతాబ్దముల పూర్వమే మన పల్లెల పొలిమేరలయందు వీరగల్లులు నిలిచియున్నవి. ఊరి పసులను దొంగలనుండి విడిపింపబోయి ప్రాణములు విడిచినవారు, ప్రభువుకొరకు పోరి పడినవారు, ఆ రాళ్లపై కత్తియు డాలును ధరించి నేటికిని మనకు కనబడుచున్నారు.

ఈ యాచారమునకు పలనాడు పుట్టినిల్లని చెప్పజాలము గాని, దాని ప్రాచీన సాక్ష్యములు ఆ సీమయందు సమృద్ధిగా గలవు. నాగార్జునకొండలో క్రీస్తుశకము మూడవ శతాబ్దికి చెందిన ఇక్ష్వాకుల నాటి ఛాయాస్తంభములు దొరకినవి. వానిలో రాజునకు నిలిపినది కలదు. సేనానులకును భటులకును నిలిపినవి కలవు. ఒక శిల్పిపెద్దకు నిలిపినదియు కలదు. నాగార్జునసాగరము కట్టినపుడు ఆ లోయ నీట మునుగుటచే, అచ్చటి శిలలు పెక్కు ద్వీపముపైనున్న ప్రదర్శనశాలకు చేర్చబడినవి. రాళ్లు దక్కినవి, వానిని తమవారివని తలచుకొని పూజించు జనులు మాత్రము ఏనాడో కనుమరుగైరి.

కారెంపూడి సంగతి వేరు. అచ్చట రాళ్లును నిలిచినవి, వానిని కొలుచు జనులును నిలిచియున్నారు. నాగులేటి యొడ్డుననున్న ఈ గ్రామము నేడు పల్నాడు జిల్లాలో చేరినది. అనుగురాజు కుమారులగు నలగామరాజును మలిదేవరాజును సవతి సోదరులు. ఒకరికి గురజాలయు, మరియొకరికి మాచెర్లయు రాజధానులు. నాయకురాలు నాగమ్మ నలగాముని పక్షమునను, బ్రహ్మనాయుడు మలిదేవుని పక్షమునను మంత్రాంగము నడపిరి. కోడిపందెమున నోడి మాచెర్లవారు ఏడేండ్లు వలసపోయిరి. గడువు తీరినపిమ్మట రాయబారమేగిన అలరాజు విషముచే చంపబడెను. తుదకు 12వ శతాబ్ది యుత్తరార్ధమున కారెంపూడి రణరంగమున ఇరువాగుల వీరులును కూలిరి. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడును అచ్చటనే పడెను.

ఈ వృత్తాంతము ముఖ్యముగా కావ్యమువలనను పాటవలనను మనకు వచ్చినదగుటచే, ప్రతి వివరమును చరిత్రగా గైకొనరాదు. పరిపాలనాదక్షురాలైన నాగమ్మను కథకులు కేవలము దుష్టురాలిగా జిత్రించుటయు విచారింపదగినదే. ఆ కాలమున ఒక స్త్రీ మంత్రిణియై రాజ్యము నడపెననుట సామాన్య విషయము కాదు గదా!

వీరుల గుడిలో పూజింపబడునవి గొప్ప శిల్పములు కావు. లింగాకారములగు సామాన్య శిలలే వీరులకు గురుతులు. అరువదియారుగురు వీరనాయకులని సంప్రదాయము చెప్పును. ఏటేట కార్తీక మాసాంతమున అయిదు దినములు ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. వీరాచారవంతులు తమ యిండ్ల భద్రపరచిన ఆయుధములను దెచ్చి నాగులేట కడిగి ఊరేగింతురు. వీరవిద్యావంతులు కథ పాడుదురు. యుద్ధమును ఆద్యంతము గ్రామమంతయు మరల నడచి చూచినట్లుండును.

ఇందు మందపోరు మన దృష్టి నాకర్షింపవలెను. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని ప్రసిద్ధి. దానినే చాపకూడందురు. మాలవాడగు కన్నమదాసును ఆయన కుమారునిగా స్వీకరించి సేనానాయకత్వ మొసగెనట. ఆ సహపంక్తి భోజనమే మందపోరునాడు స్మరింపబడుచున్నది. అనగా ఈ స్మారకము శౌర్యమును మాత్రమే గాక, ఒక సంఘసంస్కారమును గూడ జ్ఞాపకముంచుచున్నది. కలసి చావవలసినవారు కలసి తినరాదా యను ప్రశ్న దానిలో గర్భితమై యున్నది.

ఆ కథను కాపాడినవా రెవరు? శ్రీనాథుడు 15వ శతాబ్దిలో దానిని ద్విపదగా రచించెనని ప్రతీతి. 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు పలనాటి వీరచరిత్రమును అచ్చువేయించి పండితలోకమునకు దెచ్చిరి. ఓరుగల్లు వీధులలో ఒక స్త్రీ పలనాటి వీరుల కథను పాడుట క్రీడాభిరామమున వర్ణింపబడినది. అయితే గ్రంథములు తాటాకులలో నిద్రించిన కాలమున సయితము కథను ఊరూర మేలుకొల్పినవారు మాలలలోని వీరవిద్యావంతులే. అలిసెట్టి గాలెయ్య పాడిన కథను అమెరికా పండితుడు జీన్ రోగెయిర్ వ్రాసికొని 1982లో ఆంగ్లమున బ్రకటించెను. గుడివాకిట దూరముగా నిలుపబడిన జాతియే మన చరిత్రను తన కంఠమున మోసికొనివచ్చినదని మనము ఒప్పుకొనవలయును.

కావున స్మారకరక్షణమనగా రాళ్లకు సున్నము కొట్టుటయు, చుట్టును ప్రాకారము కట్టుటయు మాత్రమే కాదు. అనేక గ్రామములలో వీరగల్లులు బట్టలుతుకు బండలైనవి. కొన్ని బాటల క్రింద పూడినవి. కొన్నింటిపై రంగులు పూయుటచే అక్షరములు మాసిపోయినవి. ప్రతి గ్రామమునను చదువుకొన్నవారు తమ యూరి రాళ్ల ఛాయాచిత్రములు తీయించి, కొలతలు వ్రాసి, శాసనములున్న చదివించి, ఆ రాయిని గూర్చి వృద్ధులు చెప్పు కథను గూడ వ్రాసియుంచవలెను. రాయి యున్నచోటనే యుండనిచ్చుట మేలు. తావు తప్పిన రాయికి సగము మాట పోవును.

అంతకంటె కష్టమైన రక్షణ మింకొకటి కలదు. ఏడాదికొకనాడు చాపకూడు కుడిచి, మరునాడు కులమునుబట్టి గ్లాసు వేరుచేయు గ్రామము వీరులను పూజించినదగునా? వేరు గ్లాసుల యాచారము మన పల్లెలనుండి నేటికిని పూర్తిగ నశింపలేదు. శిల చెడిన బాగుచేయించుటకు శిల్పులు దొరకుదురు. ఆ శిల చెప్పుచున్న మాటను నిలుపవలసినవారము మనమే. ఆ పని కార్తీక అమావాస్యవరకు వేచియుండనక్కరలేదు. మన యింటి పంక్తినుండియే మొదలుపెట్టవచ్చును.