పాత పియానోల పునరుద్ధరణ: నాదమా, సాక్ష్యమా?

సంగీత వాద్యాలలో పియానో స్థితి కొంత విలక్షణమైనది. మంచి వయొలిన్ పాతబడిన కొద్దీ విలువ పెంచుకుంటుందని సంగీతలోకం నమ్మకం. పియానోకు ఆ భాగ్యం లేదు. అది వాద్యమే కాదు, యంత్రం కూడా. కొయ్య, పోత ఇనుము, ఉక్కు తీగ, రాగి చుట్టు, తోలు, జిగురు, ఉన్నిని దట్టంగా అదిమి చేసిన ఫెల్టు మొదలైన భిన్న పదార్థాలతో కూడిన వేలాది భాగాలు అందులో ఒకదానిపై ఒకటి ఆధారపడి పనిచేస్తాయి. ఆధునిక గ్రాండ్ పియానోలో 88 మీటలు, సుమారు 230 తీగలు ఉంటాయి. ఆ తీగలన్నీ కలిసి చట్రంపై మోపే లాగుడు దాదాపు 20 టన్నులు. ఇంతటి ఒత్తిడిని రాత్రింబవళ్ళు మోసే వస్తువు తయారైన నాటినుంచే అరుగుదలకు లోనవుతుంది. అందుచేత పియానో చరిత్ర ఎంత ప్రాచీనమో, దాని మరమ్మతు చరిత్ర కూడా ఇంచుమించు అంత ప్రాచీనమే.

అయితే మరమ్మతు పొందిన ప్రతిసారీ ఆ వాద్యం కొంత పొందుతుంది, కొంత పోగొట్టుకుంటుంది. పోయిన దానిని తిరిగి తేవడం చాలాసార్లు సాధ్యం కాదు. ఈ సత్యానికి పియానో జన్మవృత్తాంతమే తొలి ఉదాహరణ.

ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో మెదీచీ రాకుమారుని కొలువులో వాద్య నిర్మాతగా ఉన్న బార్తొలొమేయో క్రిస్తోఫోరీ (1655–1731) పియానో సృష్టికర్త. 1700 నాటి మెదీచీ వాద్యాల పట్టికలో ఈ కొత్త వాద్యం ప్రస్తావన కనిపిస్తుంది. ఆయన చేసిన పియానోలలో నేటికి నిలిచినవి మూడు. 1720 నాటిది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోను, 1722 నాటిది రోమ్‌లోను, 1726 నాటిది జర్మనీలోని లైప్‌సిగ్‌లోను ఉన్నాయి. రోమ్‌లోని వాద్యాన్ని పురుగు తొలిచింది, అది మోగదు. లైప్‌సిగ్ వాద్యాన్ని లోగడ వాయించి ధ్వనిముద్రణలు చేశారు గాని, తరువాత దానిని వాయించకుండా కాపాడుతున్నారు. వాయించదగిన స్థితిలో మిగిలింది న్యూయార్క్‌లోని 1720 వాద్యం.

కాని చరిత్రకారుని చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది. ఆ వాద్యం మోగుతుంది; అయితే అందులో వినిపించేది క్రిస్తోఫోరీ విన్న నాదమని ఎవరూ చెప్పలేరు. తరువాతి కాలపు పనివారు దాని స్వరవ్యాప్తినే పక్కకు జరిపారు. 1938లో దాని సౌండ్ బోర్డును తొలగించి కొత్తది అమర్చారు. తీగల కింద పరచుకుని ఉండే ఈ పలుచని ఫలకమే పియానోకు గుండె వంటిది. తీగ కంపనం దానికి అందినప్పుడే చెవికి తగినంత ధ్వని పుడుతుంది. కొయ్య జాతి, దాని పోగుల దిశ, ఎక్కడ ఎంత పలుచగా చిత్రికపట్టారనే సూక్ష్మాలపై నాదస్వభావం ఆధారపడుతుంది. పాత ఫలకంతోపాటు ఆ సాక్ష్యం కూడా తొలగిపోయింది. నాటి పనిలో దురుద్దేశం లేదు. మూగబోయిన వాద్యాన్ని పలికించాలన్న సదుద్దేశమే ఉంది. ఆ కాలంలో పునరుద్ధరణ అంటే పలికించడమే.

బేథోవెన్ పియానో కథ మరో పార్శ్వాన్ని చూపుతుంది. లండన్‌లోని బ్రాడ్‌వుడ్ సంస్థ 1817 చివర ఆయనకు ఆరు స్థాయిల పియానో ఒకటి కానుకగా పంపింది. అది సముద్రమార్గాన ట్రియెస్టు రేవు చేరి, అక్కడినుంచి పర్వతాలు దాటి 1818లో వియన్నా చేరుకుంది. అప్పటికే వినికిడి కోల్పోతున్న ఆ స్వరకర్త దానిని ఎంత బలంగా వాయించాడంటే, 1824లో ఆయనను దర్శించిన వాద్యనిర్మాత స్టుంఫ్ దానిలోని తెగిన తీగల చిక్కుముడిని చూసి విస్తుపోయాడు. బేథోవెన్ మరణానంతరం ఆ వాద్యం ఫ్రాంజ్ లిస్ట్ చేతికి, ఆయన ద్వారా బుడాపెస్టులోని హంగేరియన్ జాతీయ మ్యూజియంకు చేరింది. 1990 దశకం తొలి సంవత్సరాలలో దానిని పునరుద్ధరించి, తిరిగి వాయించదగిన స్థితికి తెచ్చారు. ఇక్కడ ఒక ప్రశ్న తలెత్తక మానదు. ఏ స్థితికి పునరుద్ధరించాలి? 1817లో కర్మాగారం విడిచిన నాటి స్థితికా? 1824లో తెగిన తీగలతో ఉన్న స్థితికా? లిస్ట్ ఇంట్లో ఉన్ననాటి స్థితికా? చారిత్రక వాద్యానికి ఒకే ఒక అసలు రూపం ఉండదు. ఏదో ఒక కాలాన్ని ఎన్నుకున్నామంటే మిగిలిన కాలాలను కొంత మరుగుపరిచినట్లే.

పందొమ్మిదవ శతాబ్దిలో పియానో వేగంగా మారడం వల్ల ఈ చిక్కు మరింత ముదిరింది. 1821లో ఎరార్ సంస్థ ఒకే మీటను త్వరత్వరగా మళ్ళీ మళ్ళీ పలికించగల యంత్రరచనకు పేటెంటు పొందింది. 1825లో బోస్టన్‌లో ఆల్ఫియస్ బాబ్‌కాక్ ఒకే పోతగా చేసిన ఇనుప చట్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1826లో పారిస్‌లో పాప్ సుత్తులకు తోలు బదులు ఫెల్టును ప్రవేశపెట్టాడు. 1859లో స్టైన్‌వే సంస్థ గ్రాండ్ పియానోలో మంద్రతీగలను తక్కిన తీగలపై అడ్డంగా సాగదీసే పద్ధతికి పేటెంటు పొందింది. 1820కి పూర్వపు పియానో కొయ్య చట్రం మీద, మెత్తని ఇనుము, ఇత్తడి తీగలతో, తోలు తొడిగిన చిన్న సుత్తులతో పలికేది. అటువంటి వాద్యానికి ఆధునిక ఉక్కు తీగలు బిగిస్తే చట్రం మెలి తిరుగుతుంది. దళసరి ఫెల్టు సుత్తులు అమరిస్తే దాని సన్నని, స్పష్టమైన పలుకు మొద్దుబారుతుంది. పాతదానిని మెరుగుపరచబోయి దాని స్వభావాన్నే మార్చిన సందర్భాలు ఆ శతాబ్దిలోను, తరువాత కూడా అనేకం.

శ్రుతి విషయం కూడా ఇటువంటిదే. ఫ్రాన్సు ప్రభుత్వం 1859లో ప్రమాణ స్వరాన్ని సెకనుకు 435 కంపనలుగా నిర్ణయించింది. అదే శతాబ్దిలో ఇంగ్లండు కచేరీలలో అది 452 వరకు పెరిగింది. 440 కంపనలు అంతర్జాతీయ ప్రమాణంగా అంగీకారం పొందినది 1939లో. కనుక పాత పియానోను శ్రుతి చేయబోయే ముందు అది ఏ దేశంలో, ఏ దశకంలో, ఏ శ్రుతికి తయారైందో తెలుసుకోవలసి ఉంటుంది. శ్రుతి చేయడం కూడా అక్కడ చరిత్రకు సంబంధించిన నిర్ణయమే.

ఈ చర్చ యూరపు మ్యూజియంలకే పరిమితం కాదు. భారతదేశంలో మీటల వాద్యాల చరిత్ర రెండు శతాబ్దాలకు పైబడినది. 1789లో విలియం హామిల్టన్ బర్డ్ కలకత్తాలో ప్రకటించిన హిందుస్తానీ బాణీల సంకలనం పియానోకు ముందుతరం వాద్యమైన హార్ప్‌సికార్డ్ కోసం కూర్చినది. మద్రాసులో 1842లో మిస్క్విత్ కంపెనీగా ఆరంభమైన సంస్థ తరువాత మ్యూజీ మ్యూజికల్ అన్న పేరుతో ప్రసిద్ధి చెందింది. కలకత్తా జొరాసాంకోలోని ఠాకూర్ల ఇంట జ్యోతిరింద్రనాథుడు పియానోపై కొత్త బాణీలు కడుతుంటే, అక్షయచంద్ర చౌధురి, తమ్ముడు రవీంద్రుడు వాటికి మాటలు కూర్చేవారని రవీంద్రుని జీవనస్మృతి తెలియజేస్తున్నది. ఆ విధంగా పియానో ఆధునిక భారతీయ గీతానికి పురిటిగదిలో ఉన్న సాక్షులలో ఒకటి.

అయినా వయొలిన్ వలె పియానో మన శాస్త్రీయ సంగీతంలో ఒదగలేదు. దీనికి కారణం స్పష్టమే. వయొలిన్‌పై వేలు జారుతుంది, గమకం పలుకుతుంది. పియానోలో ప్రతి స్వరం ఒక మీటకు కట్టుబడి ఉంటుంది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి కాలంలోనే వయొలిన్ కర్ణాటక సంగీతంలో ప్రవేశించగా, పియానో దొరల బంగళాలకు, చర్చిలకు, క్లబ్బులకు, మిషన్ పాఠశాలలకు, సంస్థానాధీశుల దర్బారు హాళ్ళకు, తరువాత సినిమా స్టూడియోలకు పరిమితమైంది. సామాన్యుల ఇళ్ళలో దాని స్థానాన్ని చౌకైన, తేలికైన హార్మోనియం ఆక్రమించింది. కలకత్తాలో ద్వారకానాథ ఘోష్ 1875లో నెలకొల్పిన ద్వార్కిన్ సంస్థ చేతి హార్మోనియంకు విశేష ప్రచారం కల్పించింది. తత్ఫలితంగా పియానో పనితనం కొన్ని పెద్ద నగరాలలో కొద్దిమంది పనివారి చేతులలోనే నిలిచిపోయింది.

మన శీతోష్ణస్థితి పియానోకు మిత్రుడు కాదు. వానకాలంలో సౌండ్ బోర్డు తేమ పీల్చి ఉబ్బుతుంది. వేసవిలో ఎండి, కుంచించుకుని పగులుతుంది. జంతు చర్మంనుంచి తీసే జిగురు తేమకు మెత్తబడి అతుకులు విడిపోతాయి. తీగలు తుప్పుపడతాయి. చెద కొయ్యను, చిమ్మట ఫెల్టును తింటాయి. దీనిని గమనించిన ఆంగ్ల నిర్మాతలు ఉష్ణదేశాలకోసం ప్రత్యేకంగా పియానోలు చేసి పంపారు. వాటిలో టేకు, మహాగని వంటి గట్టి కొయ్య వాడేవారు. జిగురు అతుకులకు తోడుగా మరలు, ఇత్తడి పట్టీలు బిగించేవారు. మీటలపై దంతపు రేకులు ఊడిపోకుండా సన్నని ఇత్తడి మేకులు దిగవేసేవారు. ఈనాడు ఏ పాత పియానోలోనైనా ఆ మేకులు కనిపిస్తే, అది మనవంటి దేశాలకోసం తయారైనదని గుర్తించవచ్చు. తెలియని పనివాడు వాటిని ఎవరో చేసిన మోటు మరమ్మతుగా భావించి పీకివేస్తే, భారతదేశానికి సంబంధించిన చరిత్ర చిహ్నమే చెరిగిపోతుంది.

ఈ వాద్యంలో ప్రాచ్యదేశాల వాటా మరొకటి కూడా ఉంది. దాని మెరుగుకు వాడిన లక్క ప్రధానంగా భారతదేశపు అడవులలో లక్కపురుగులనుంచి సేకరించినది. లక్క పూత సారాయంలో కరుగుతుంది. చర్మపు జిగురు వేడికి, తేమకు వదులుతుంది. ఈ గుణాన్నే నేటి సంరక్షకులు మెచ్చుకుంటారు. ఈనాడు చేసిన పని రేపటివాడు విప్పి చూడగలడు. కృత్రిమ జిగురులు, గట్టి రసాయనపు పూతలు వాడితే ఆ దారి మూసుకుపోతుంది. దంతం సంగతి వేరు. పియానో మీటలకోసం ఆఫ్రికా ఏనుగులు అపారంగా బలి అయ్యాయి. భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లోను, 1991లోను చేసిన సవరణలు దంతపు వ్యాపారాన్ని నిషేధించాయి. కనుక పగిలిన దంతపు మీటకు కొత్త దంతం వెదకడం తగదు. ఉన్నదానిని అతికించడం, లేనిచోట ప్లాస్టిక్కు వంటి ప్రత్యామ్నాయం వాడి ఆ సంగతి నమోదు చేయడం సముచితం.

స్వాతంత్ర్యానంతరం యూరోపియను కుటుంబాలు వెళ్ళిపోగా అనేక పియానోలు వేలంలో చేతులు మారాయి. కొన్ని సంస్థల హాళ్ళలో మూలపడ్డాయి. దిగుమతులపై నియంత్రణ ఉన్న దశకాలలో తీగ, ఫెల్టు దొరకడం కష్టమైంది. ఒక వాద్యాన్ని విప్పి మరొకదానిని బ్రతికించడం పనివారికి తప్పనిసరి అయింది. దానిని తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ నేర్పు లేనిచో మిగిలినవి కూడా మిగిలి ఉండేవి కావు. అయితే ఏ భాగం దేనినుంచి వచ్చిందో రాసిపెట్టే అలవాటు మాత్రం ఉండవలసింది.

మన వాద్య సంప్రదాయంలో దీనికి ఒక పోలిక ఉంది. బొబ్బిలిలో పనస కొయ్యను ఒకే దుంగగా తొలిచి ఏకాండి వీణ చేస్తారు. మెట్లను నిలిపిన మైనపు పట్టీ ఏళ్ళు గడిచి జారితే దానిని తీసివేసి కొత్తగా మేళం కడతారు. తీగలు మారుస్తారు. కుండను మాత్రం ముట్టరు. ఏది మారవలసినది, ఏది మారరానిది అన్న వివేకం ఆ పనిలోనే ఇమిడి ఉంది. పియానోలో కూడా తీగలు, ఫెల్టు, మీటల కింది గుడ్డ మారవలసినవే. సౌండ్ బోర్డు, చట్రం, యంత్రరచన మాత్రం వాద్యపు కుండ వంటివి. పగిలిన సౌండ్ బోర్డును పారవేయడానికి ముందు, ఆ పగుళ్ళలో అదే జాతి కొయ్య చీలికలు అతికి చూడాలి.

ఈ వివేకాన్ని సూత్రీకరించే ప్రయత్నాలు ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో జరిగాయి. అంతర్జాతీయ మ్యూజియంల మండలికి చెందిన వాద్య విభాగం 1985లో ప్రజాసంగ్రహాలలోని వాద్యాల వినియోగంపై సూచనలు వెలువరించింది. అరుదైన వాద్యాన్ని వాయించడం కన్నా దాని సాక్ష్యాన్ని కాపాడడం మిన్న అనే దృష్టి అప్పటినుంచి బలపడింది. నాదం వినాలనుకునేవారికి ప్రతిరూపం అనే మార్గం ఉంది. మూలవాద్యాన్ని కొలిచి, అదే రీతిలో కొత్తది చేయవచ్చు. క్రిస్తోఫోరీ పియానోలకు అటువంటి ప్రతిరూపాలు తయారయ్యాయి.

అయితే ఈ నియమాన్ని అన్నింటికీ ఒకే తీరుగా వర్తింపజేయడం కూడా పొరపాటే. 1909లో ఒక్క అమెరికాలోనే మూడున్నర లక్షలకు పైగా పియానోలు తయారయ్యాయి. అటువంటి కర్మాగారపు వాద్యం ఒక పాఠశాలలో మూలుగుతుంటే, దానిని తాకరాని అవశేషంగా అద్దాలపెట్టెలో ఉంచడంకన్నా పూర్తిగా పునర్నిర్మించి పిల్లల చేతికివ్వడమే మేలు. దాని విలువ దాని వాడుకలో ఉంది. ఈ తేడా తెలియడానికి మూడు మాటలను వేరుచేసి చూడాలి. పాడైన భాగాన్ని బాగుచేయడం మరమ్మతు. వాద్యాన్ని దాని చారిత్రక రూపానికి చేరువ చేయడం పునరుద్ధరణ. చట్రం మినహా తక్కినదంతా కొత్తగా కూర్చడం పునర్నిర్మాణం. ప్రభుత్వ కార్యాలయాల ఫైళ్ళలో ఈ మూడింటినీ తరచు ‘రిపేరు’ అన్న ఒక్క మాట కింద చేరుస్తారు. టెండరులో తక్కువ ధర చెప్పినవానికి పని దక్కుతుంది. అరుదైన వాద్యం కూడా మామూలు కుర్చీ, బల్లల జాబితాలో కలిసిపోతుంది.

కనుక పనిముట్టు పట్టడానికి ముందు కాగితం, కలం పట్టడం అవసరం. నిర్మాత పేరు, వరుస సంఖ్య, ప్రతి తీగ మందం, పాత మరమ్మతుల గుర్తులు, మీటలపై పనివారు పెన్సిలుతో రాసిన గుర్తులు నమోదు కావాలి, ఛాయాచిత్రాలు తీయాలి. తీగల బిగువును ఒక్కసారిగా కాక అంచెలంచెలుగా సమంగా తగ్గించాలి. తొలగించిన ప్రతి భాగాన్నీ చీటీ కట్టి వాద్యంతోపాటే భద్రపరచాలి. వీటికి అయ్యే వ్యయం స్వల్పం, కావలసినది శ్రద్ధ. 1938లో తొలగిన సౌండ్ బోర్డును తిరిగి తేవడం నేడు ఎవరి తరమూ కాదు. మన సంస్థల హాళ్ళలో ముసుగు కప్పి ఉన్న పియానోల విషయంలో ఆ నిర్ణయం ఇంకా మన చేతుల్లోనే ఉంది.