చెరువుచేప నుంచి నాలుకచేప దాకా: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల గృహపాకంలో మెత్తని చేప – ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

రాయలసీమ ఆహారచరిత్ర అనగానే రాగిసంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం, వాటి వెనుక కరవు గుర్తుకు వస్తాయి. చేపను కోస్తా జిల్లాల విషయంగా భావించి పక్కన పెట్టడం పరిశోధనలో స్థిరపడిన అలవాటు. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే అనంతపురం సీమలో ఆ అలవాటు సహజమైనదిగానే కనిపిస్తుంది. అయితే ఈ సీమ చరిత్రలో కరవుతోపాటు చెరువు కూడా ఉంది. చెరువు ఉన్నచోట చేప ఉంటుంది, చేప ఉన్నచోట దానిని వండే విద్య ఉంటుంది.

హిందూపురం దగ్గర నిలబడి తూర్పుకు చూసినా, పడమటికి చూసినా సముద్రం సుమారు మూడువందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దక్షిణాపథంలో రెండు తీరాలకూ ఇంచుమించు సమదూరంలో ఉన్న ఊళ్లలో ఇది ఒకటి. ఇటువంటి చోట సముద్రపు అడుగున బతికే అతి మెత్తని చదునుచేపను, అంటే నాలుకచేపను, ఇంట్లో వండవలసి వస్తే ఆ పాకజ్ఞానానికి ఆధారం ఏది? అది చేపతోపాటు తీరం నుంచి రావలసినదేనా? ఈ ప్రాంతపు చెరువుచేపల వంటలోనే అది అంతకుముందే రూపుదిద్దుకొని ఉన్నదని, దానికి మూలద్రవ్యం చింతపండు అని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నాలుకచేప: పేరు, శరీరం, వంటలోని చిక్కు

చదునుచేపలకు తెలుగునాట ఉన్న పేర్లు లిఖితరూపంలో చేరడం వెనుక ప్యాట్రిక్ రస్సెల్ కృషి ఉంది. తూర్పు ఇండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా విశాఖపట్నంలో ఉన్నప్పుడు ఆయన సేకరించిన రెండువందల చేపల వర్ణనలు, చిత్రాలు 1803లో లండన్‌లో వెలువడ్డాయి. చేపలను స్థానికులు పిలిచే పేర్లతోనే ఆయన నమోదు చేశాడు. చదునుచేపల దగ్గర ‘నాలక’ అన్న మాటతో కూడిన పేరు, ‘జెర్రిపోతు’ అన్న పేరు కనిపిస్తాయి. అంతకు రెండేళ్ల ముందు, 1801లో, బ్లాక్, ష్నైడర్‌ల గ్రంథంలో తరంగంబాడి తీరపు చదునుచేప ఒకదానికి ‘ఎరుమెయి’ అన్న జాతినామం స్థిరపడింది. దాని మూలం ఎనుబోతు నాలుక అనే అర్థమిచ్చే తమిళ వ్యవహారనామం. ఈ చేపల్లో ఒక ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన ‘సైనోగ్లాసస్’ అన్న పేరుకు గ్రీకులో కుక్కనాలుక అని అర్థం. తెలుగు, తమిళ, గ్రీకు మాటలు మూడూ ఈ చేపలో నాలుకనే చూశాయి.

ఆ పోలిక ఆకారంతో ఆగిపోదు. గుడ్డు నుంచి వచ్చినప్పుడు ఈ చేప తక్కినవాటిలాగే నిటారుగా ఈదుతుంది. ఎదిగేకొద్దీ ఒక కన్ను తలమీదుగా జరిగి రెండో కన్ను ఉన్న వైపుకు చేరుతుంది. అప్పటినుంచి అది ఒక పక్కన పడుకొని ఇసుకమీద, బురదమీద బతుకుతుంది. కదలిక తక్కువైనందువల్ల కండ తెల్లగా, పలుచగా ఉంటుంది. చేపకండను పట్టి ఉంచే కొల్లాజెన్ మేకమాంసంలోకంటే తక్కువ, అది కరిగే వేడి కూడా తక్కువ. అందువల్ల నిమిషాల్లోనే కండ పొరలు పొరలుగా విడిపోతుంది. నాలుకచేప విషయంలో ఈ గుణం మరింత స్పష్టం. తలదగ్గర గాటు పెట్టి, వేళ్లకు ఉప్పు అద్దుకొని, తోలును తోకదాకా ఒక్కపట్టున లాగివేయడం శుభ్రపరిచే పద్ధతి. ఆ తరువాత అది పెనం మీద నిలవాలంటే పైన ఒక రక్షణపొర కావాలి, పులుసులో నిలవాలంటే గరిటె తగలకూడదు. అంటే ఈ వంటలో పదార్థాల పట్టికకన్నా చేతి సంయమనమే ముఖ్యం.

3. పెన్న, చిత్రావతి: నీటిని నిలిపిన చరిత్ర

ఈ సంయమనం ఇక్కడి వంటింటికి కొత్తది కాదని చెప్పడానికి ముందు నీటి చరిత్రను చూడాలి. హిందూపురం ప్రాంతానికి పెన్న, జయమంగళి, ధర్మవరానికి చిత్రావతి జీవనాధారాలు. పెనుకొండ కొండదుర్గం కనుక నీటిని తెచ్చుకోవలసి వచ్చింది. 1388 నాటి శాసనం దీనికి సాక్ష్యం. పెనుకొండకు హెన్నె నదిని, అంటే పెన్ననదిని, తీసుకురమ్మన్న ప్రతాప బుక్కరాయల ఆజ్ఞ మేరకు జలసూత్రంలో నిపుణుడైన సింగయభట్టు కాలువ తవ్వించి సిరువెర చెరువుకు నీటిని చేర్చాడని, ఆ కాలువకు రాజు పేరు పెట్టాడని అది చెబుతుంది. అంతకు రెండు దశాబ్దాల ముందు, 1369 నాటి పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వివరించింది. చిత్రావతి మీద బుక్కపట్నం చెరువు బుక్కరాయల పేరుతో ముడిపడి ఉంది. ధర్మవరం ఊరికి, చెరువుకు క్రియాశక్తి ఒడెయరు తల్లి ధర్మాంబ పేరు వచ్చిందని స్థానిక సంప్రదాయం. 1565 నాటి యుద్ధం తరువాత పెనుకొండ రాజధాని కావడంతో ఈ జలవ్యవస్థ ప్రాధాన్యం పెరిగింది.

ఈ శాసనాలు వరి గురించి, దానాల గురించి మాట్లాడినంతగా చేప గురించి మాట్లాడవు. కాని చెరువును నిలిపిన ఆర్థికవ్యవస్థకు చేప బయటిది కాదు. మధ్యయుగపు తమిళ శాసనాల్లో చెరువుచేపల గుత్తసొమ్మును ఆ చెరువు నిర్వహణకే వినియోగించిన ఉదాహరణలున్నాయి. రాయలసీమలో చెరువు కట్టినవారికి, బాగుచేసినవారికి ఇచ్చిన దశబంధం మాన్యాలు కూడా ఇదే కోవలోవి. నీటినుంచి వచ్చిన ఫలంలో కొంత తిరిగి నీటికే చేరాలన్నది ఆ రెండు ఏర్పాట్ల వెనుక ఉన్న సూత్రం.

ఏడాదిలో కొన్ని నెలలే నిండి ఉండే చెరువులో అన్ని చేపలూ బతకవు. గాలిని నేరుగా పీల్చగల కొరమేను, మార్పు వంటివి బురదలోనూ కొంతకాలం నిలుస్తాయి. వరదనీటితో వచ్చి, నీళ్లు తగ్గేవేళ వలకు చిక్కే పరిగెల వంటి చిన్నచేపలు రెండో వర్గం. కొరమేను కండ గట్టిది, వంటలో చెదరదు. పరిగెలు పలుచని ఒడలు, మెత్తని కండ, సన్నని ముళ్లు గలవి. ‘మెత్తని చేప’ అనే పాకసమస్యను ఈ సీమ వంటింటి ముందు మొదట నిలిపినవి ఈ పరిగెలే.

4. మానసోల్లాస సాక్ష్యం

ఈ సమస్యకు దక్కనులో లభించే తొలి వివరమైన లిఖితసాక్ష్యాల్లో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసం ఒకటి. ఆయన 1126 నుంచి 1138 దాకా పాలించాడు. హేమావతి రాజధానిగా నొళంబులు ఏలిన నేల, అంటే నేటి మడకశిర, హిందూపురం పరిసరాలు, చాళుక్య పరిధిలోకి వచ్చినవే. అందువల్ల ఆ గ్రంథం ఈ ప్రాంతానికి పరాయిది కాదు. అందులోని మత్స్యవినోదం చేపల రకాలను, వాటికి వేసే మేతను, గాలంతో పట్టే తీరును చెబుతుంది. అన్నభోగంలో వంట ఉంది. చేపను కోసి కడిగి, చింతపులుసుతో ఉడికించి, గోధుమపిండి చల్లి, కాగిన నూనెలో ఎర్రబడేదాకా వేయించి, సైంధవలవణం, యాలకులు, మిరియాల పొడి చల్లడం అక్కడ కనిపించే ఒక విధానం.

ఇందులో రెండు అంశాలు గమనింపదగినవి. మొదటిది, పులుపు నూనెకంటే ముందు వస్తుంది. రెండవది, కండకు, నూనెకు మధ్య పిండిపొర ఉంటుంది. మెత్తని చేపను పెనం మీద నిలపడానికి నేడు బియ్యప్పిండి గాని రవ్వ గాని అద్దడం ఈ రెండో సూత్రానికి కొనసాగింపే. మానసోల్లాసం రాజభోజనాన్ని వర్ణించిన గ్రంథం కనుక దానిని సామాన్యుల వంటకు యథాతథంగా అన్వయించరాదు. యాలకులు, గోధుమపిండి రాచవంటింటివి. చింతపండు మాత్రం అందరిదీ. ఎండుమిరప పోర్చుగీసువారి రాక తరువాత చేరినది కనుక, నేటి ఎర్రని పులుసులో రంగుకన్నా పులుపే పాతది.

5. కుండ, చింతపండు, సంగటి

హిందూపురం చింతపండు, మిరప వ్యాపారాలకు పేరొందిన ఊరు. చేపల వంటలో చింతపండు చేసే పని రుచితో ముగియదు. చెరువుచేపకు పట్టే మట్టివాసనకు కారణం జియోస్మిన్ అనే పదార్థం. నీటిలోని సూక్ష్మజీవులు దానిని ఉత్పత్తి చేస్తాయి, ఆమ్లం దానిని విచ్ఛిన్నం చేస్తుంది. సముద్రపు చేప నీచువాసనకు కారణం వేరు. ఉప్పునీటి ఒత్తిడిని తట్టుకోవడానికి దాని కండలో ఉండే ఒక సమ్మేళనం చేప చచ్చిన తరువాత ట్రైమిథైలమీన్‌గా మారుతుంది. ఆమ్లం దానిని ఆవిరి కానివ్వకుండా బంధిస్తుంది. ఒకే చింతపులుసు ఈ రెండు దోషాలనూ వేర్వేరు దారుల్లో హరిస్తుంది. పైగా ఆమ్లం కండలోని మాంసకృత్తులను కొంత బిగిస్తుంది కనుక ముక్క త్వరగా చెదరదు. చెరువుచేప కోసం కుదిరిన పద్ధతి సముద్రపు చేపకూ సరిపోవడంలో రహస్యం ఇదే.

రెండో సాధనం మట్టిచట్టి. అది నెమ్మదిగా వేడెక్కి, పొయ్యి ఆర్పిన తరువాత కూడా వేడిని నిలుపుకుంటుంది. పులుసు ముందుగా మరిగి చిక్కబడుతుంది, చేప చివరలో పడుతుంది. అటుపై గరిటె పెట్టరు. మసిగుడ్డతో చట్టి అంచులు పట్టి మెల్లగా కుదుపుతారు. దించిన తరువాత మిగిలిన వేడితోనే ఉడుకు పూర్తవుతుంది. మరునాటికి పులుసు రుచి పెరగడం, ముక్క పులుపును పీల్చి గట్టిపడడం తెలుగువారికి అనుభవంలో ఉన్న సంగతే.

మూడవది సంగటి. సంగటిముద్దను నమలరు, పులుసులో అద్ది మింగుతారు. కనుక ముల్లు పులుసులో కలిసిపోతే ప్రమాదం. ముక్క విరగకూడదన్న నియమం ఇక్కడ అందానికి సంబంధించింది కాదు, భద్రతకు సంబంధించింది. పరిగెల కండలో సన్నని ముళ్లు అడుగడుగునా ఉంటాయి. నాలుకచేపలో ముళ్లు ప్రధానంగా నడిమి వెన్నుకు దువ్వెనపళ్లలా అతికి ఉంటాయి. వెన్ను లేపితే అవి కూడా దానితోపాటు వస్తాయి. పరిగెలను విరగకుండా వండగల చేతికి నాలుకచేప సులువైన పరీక్షే అవుతుంది.

6. రైలు, ఉప్పు, మంచు

సముద్రపు చేప ఈ ఊళ్లకు చేరడం రవాణా చరిత్రలో భాగం. 19వ శతాబ్దం చివరి దశకంలో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు వైపు మీటరుగేజి రైలు నడిచింది. ధర్మవరం నుంచి పాకాల మార్గం కూడా ఆ దశకంలోదే. అదే కాలంలో మద్రాసు ప్రభుత్వం తీరం వెంబడి చేపలు ఉప్పుపట్టే యార్డులు నెలకొల్పి, వాటిలో వాడే ఉప్పుకు పన్ను మినహాయించింది. ఉప్పుచేప దూరప్రయాణానికి తట్టుకునే సరుకు. మలబారు తీరంలో నాలుకచేపను తోలుతోనే ఎండబెట్టడం నేటికీ ఉంది. ఎండినచేపలో మెత్తదనం పోతుంది గనుక పాకసమస్య మారిపోతుంది. నాలుకచేప తన మెత్తదనంతో వంటింటికి చేరాలంటే మంచుపెట్టె, వేగమైన రోడ్డురవాణా కావలసివచ్చాయి. హిందూపురానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరు రెండు తీరాల చేపకూ పెద్ద విపణి కావడం ఈ మార్పుకు దారి తీసింది.

7. చెరువు మారిన తీరు

సముద్రం దగ్గరవుతున్న కాలంలోనే చెరువుచేప స్వభావం మారింది. 1952లో తిలాపియా దేశంలోకి వచ్చింది. 1957లో కటకంలో హీరాలాల్ చౌధురి పీయూషగ్రంథి సారంతో మన కార్పుచేపల చేత గుడ్లు పెట్టించడంలో సఫలుడయ్యాడు. దానితో నదులమీద ఆధారపడకుండా బొచ్చె, రోహు పిల్లలను ఏ చెరువులోనైనా వదలడం సాధ్యమైంది. దిగుబడి పెరిగింది. ముక్క పెద్దదయింది, కండ గట్టిదయింది. వరదతో వచ్చే పరిగెలకు విలువ తగ్గింది. చెరువు నిండని ఏళ్లలో అవి అసలే లేకుండా పోయాయి. హంద్రీ–నీవా కాలువ ద్వారా పెనుకొండ మండలంలోని గొల్లపల్లి జలాశయానికి కృష్ణాజలం చేరడంతో నీటి ఊరే మారింది. 1388లో పెన్న నుంచి తెచ్చిన నీటికి, నేడు కృష్ణ నుంచి వచ్చే నీటికి మధ్య వంటింటి జ్ఞానం మాత్రం ఏ శాసనమూ లేకుండా చేతినుంచి చేతికి నడిచింది.

8. ఉపసంహారం

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, మెత్తని చేపను వండే పద్ధతి తీరప్రాంతానికే పరిమితమైన విద్య కాదు. చెరువుల సీమలో అది చిన్నచేపల ఆధారంగా స్వతంత్రంగా స్థిరపడగలిగింది. రెండు, చింతపండు మట్టివాసనను, నీచువాసనను సమానంగా హరించడం వల్ల ఆ పద్ధతి చెరువు నుంచి సముద్రానికి మార్పు లేకుండా విస్తరించగలదు. మూడు, రాయలసీమ ఆహారచరిత్రను కరవు చరిత్రగా మాత్రమే రాస్తే, ఆరువందల ఏళ్లకు పైగా చెరువులు పోషించిన ఒక వంటవిద్య లెక్కలోకి రాకుండా పోతుంది.

ఈ మూడో అంశం గతానికే పరిమితం కాదు. హిందూపురంలో నేడు మంచుపెట్టెలో దిగే నాలుకచేప కొన్నవారికి దొరుకుతుంది, చెరువులోని పరిగె నీళ్లు నిలిచిన ఏడాదే దొరుకుతుంది. పరిగె కనుమరుగైతే, ముక్క విరగకుండా చట్టిని కుదిపే నేర్పును ఏటేటా పిల్లల చేతికి అలవాటు చేసే చేప కూడా కనుమరుగవుతుంది. చెరువుల పూడికతీతను సాగునీటి అవసరంగా లెక్కిస్తున్న చోట, ఆ నీటిలో ఒక ఆహారసంస్కృతి కూడా ఉందని గుర్తించవలసి ఉంది.