ఇంటిని వెచ్చజేయు కట్టెల పొయ్యి

శీతలదేశములయందు గదులను వెచ్చజేయుటకై పోతయినుముతో గాని ఉక్కురేకుతో గాని నిర్మింపబడి, బిగువైన తలుపును, గాలిని నియమించు మరను, పైకప్పును దాటి పోవు పొగగొట్టమును గలిగిన సాధనము కట్టెల పొయ్యి. గోడలోని తెరపి పొయ్యి వేడిమి అధికభాగము పొగతో వెలికిపోవుట గమనించి, అమెరికాయందు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1742 ప్రాంతమున ఇనుపపలకల పొయ్యిని రూపొందించి, 1744లో తద్విషయమై యొక చిన్నపుస్తకమును ప్రకటించెను. పెన్సిల్వేనియా గవర్నరు ఈయజూపిన పేటెంటును లోకోపకారబుద్ధితో నిరాకరించుట ఆయన ఔదార్యమునకు నిదర్శనము.

కట్టెల పొయ్యి నిర్వహణమున ప్రధానమైనది కట్టె యొక్క ఆర్ద్రత. చీల్చి, గాలి తగులునట్లు పేర్చి, పైన మాత్రము కప్పి, తేమ 20 శాతమునకు లోబడువరకు సాధారణముగా ఆరు మాసములకు తక్కువగాక ఎండబెట్టవలెను. పచ్చికట్టెను గాని, గాలి చాలక మందముగా గాని మండించినచో, పొగలోని తారు ఆవిరులు చల్లని గొట్టపు లోగోడలపై ఘనీభవించి క్రియోసోట్ అను నల్లని పదార్థమై పేరుకొనును; అది రాజుకొన్నచో గొట్టము మండి ఇల్లే దగ్ధము కావచ్చును. కావున ఏటేట గొట్టమును పరీక్షించి శుభ్రపరచుట అత్యావశ్యకము. నివురుగప్పిన నిప్పు దినములకొలది ఆరకుండును గనుక బూడిదను మూతగల లోహపాత్రలో ఇంటి వెలుపల నుంచవలెను.

అమెరికా పర్యావరణ సంరక్షణ సంస్థ 1988లో తొలిసారి ఈ పొయ్యిల పొగకు పరిమితులు విధించెను. 2020 నుండి ఆ పరిమితి గంటకు 2 గ్రాముల సూక్ష్మకణములు.