తన్ను గూర్చి తాను వ్రాయుట

అమెరికాలోని పేరుపడిన కళాశాలలలో ప్రవేశము గోరు విద్యార్థి మార్కుల పట్టికతోబాటు తన్ను గూర్చి ఒక వ్యాసమును గూడ వ్రాసి పంపవలయును. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబముల బిడ్డలు ఏటేట ఈ వ్యాసము వ్రాయుచున్నారు. మార్కులే ప్రమాణమని నమ్మి పెరిగిన తల్లిదండ్రులకు ఇది వింతగా తోచును. ఈ ఆచారము ఎట్లు పుట్టినదో కొంచెము విచారింతము.

ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో అక్కడను పరీక్షయే ప్రధాన ద్వారము. 1900లో ఏర్పడిన కళాశాల ప్రవేశ పరీక్షల మండలి 1901 జూన్‌లో తన మొదటి పరీక్షలను జరిపెను. పరీక్షలో నెగ్గినవానికి హార్వర్డు వంటి చోట ప్రవేశము దుర్లభము కాకుండెను. తూర్పు యూరపునుండి వలస వచ్చిన యూదుల బిడ్డలు ఈ మార్గముననే లోనికి వచ్చిరి. 1900 ప్రాంతమున హార్వర్డులో నూటికి 7గురుగా నున్న యూదు విద్యార్థులు 1922 నాటికి నూటికి 21 మందిని మించిరి.

విద్యాలయ అధ్యక్షుడు లారెన్స్ లోవెల్‌కు ఇది రుచింపలేదు. వారి సంఖ్యకు పరిమితి విధింపవలెనని ఆయన 1922లో సూచించెను. దానిని పరిశీలించిన సంఘము 1923లో అంగీకరింపలేదు. అయినను 1922 నుండియే దరఖాస్తు పత్రములో మతము, తల్లి పుట్టింటి పేరు, తండ్రి జన్మస్థలము అడుగసాగిరి. కుటుంబమువారు పేరు మార్చుకొనిరా అనియు ప్రశ్నించిరి. 1926లో క్రొత్తగా చేరువారి సంఖ్యను 1000కి పరిమితము చేసి, ఎంపికలో శీలమును, వ్యక్తిత్వమును గూడ తూచవలయునని నిర్ణయించిరి. పరీక్షలో దాగని ప్రతిభ 'వ్యక్తిత్వము' అను మాట చాటున తక్కువ తూగెను. కొన్నేండ్లలోనే యూదు విద్యార్థుల పాలు బాగుగ తగ్గెను.

ఆ తక్కెడ నేటికిని తీసివేయబడలేదు. 2014లో హార్వర్డుపై ఒక దావా పడెను. ఆసియా సంతతి విద్యార్థులకు వ్యక్తిత్వపు అంచనాలో సగటున తక్కువ విలువ కట్టుచున్నారనునది అందు ఒక ముఖ్యవాదము. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు, జాతిని బట్టి ప్రవేశమున మొగ్గు చూపుట చెల్లదని తీర్పు చెప్పెను. కాని తన జాతి తన జీవితమును ఎట్లు తాకినదో, దానివలన తనకు ఏ ధైర్యము, ఏ శక్తి అలవడినదో విద్యార్థి స్వయముగా వ్రాసినచో, దానిని ఆ వ్యక్తి గుణముగా గణింపవచ్చునని గూడ పలికెను. అందుచేత వ్యాసమునకు మునుపటికంటె బరువు పెరిగినది.

ఈ చరిత్ర తెలిసినవారు రెండు విషయములు గుర్తింపవలయునని మేము తలంచుచున్నాము. మొదటిది, త్రోసివేత వచ్చినప్పుడు అది బిడ్డ గుణముపై తీర్పు కాదు. ఆ తక్కెడ ఎన్నడును పరిశుద్ధమైనది కాదు. రెండవది, ఆత్మస్తుతి వేరు, ఆత్మకథనము వేరు. ఆత్మస్తుతిని దోషముగా నెంచుట మన సంప్రదాయము, అది మంచిదే. కాని చేసిన పనిని చేసినట్లు చెప్పుట స్తుతి కాదు. అంగడిలో తండ్రికి లెక్కలు వ్రాసి పెట్టిన బాలుడు, అవ్వకు మందులు వేళకు అందించిన బాలిక, ఆ పనిని, అందు నేర్చినదానిని తేట మాటలలో వ్రాసిన చాలును. ఎదుటివారు మెచ్చుదురని లేని ఉత్సాహమును కల్పించుటయు, పెద్దలచేత వ్రాయించుటయు తన పేరు తానే దాచుకొనుట వంటిది. ఒకనాడు పేరు దాచుకొనవలసి వచ్చినవారిని తలచుకొనియైనను, నేటి విద్యార్థి తన పేరును, తన ఇంటిని, తన శ్రమను సంకోచింపక వ్రాయవలయును.