వాన నీళ్ళకీ పర్మిట్టా?

సియాటిల్‌లో ఫిషర్మెన్స్ టెర్మినల్ అని చేపల బోట్ల రేవు ఒకటుంది, 1914 నాటిది. మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి దూరపు చుట్టంలా ఉంటుంది గానీ, వేలంపాట కేకలూ ఎండుచేపల వాసనా లేవు. ఆ చుట్టుపక్కలే ఓ వర్క్‌షాపు బయట, జోరువానలో ఒకాయన కాలువ మూతి దగ్గర గొంతుక్కూచుని సీసాలో నీళ్ళు పడుతున్నాడు. ఏమిటని అడిగితే, "ల్యాబ్‌కి పంపాలి, పర్మిట్ రూలు" అన్నాడు. ఫ్యాక్టరీ మురుగుకి పర్మిట్ ఉంటుందని తెలుసు. ఆకాశంలోంచి పడ్డ నీళ్ళకి కూడానా!

దీని వెనక పెద్ద తగాదానే ఉంది. 1969లో క్లీవ్‌లాండ్‌లో కయహోగా నది మీద తేలే చమురు అంటుకుంది. మూడేళ్ళకి నిక్సన్ వీటోని తోసిరాజని కాంగ్రెస్ క్లీన్ వాటర్ యాక్ట్ తెచ్చింది. ఫ్యాక్టరీ గొట్టాలైతే కంటికి కనిపిస్తాయి; వాన కాలువలు లెక్కలేనన్ని. వాటికి పర్మిట్ నుంచి మినహాయింపు ఇచ్చేద్దామని చూసింది పర్యావరణ సంస్థ ఈపీఏ. ఆ అధికారం మీకు లేదని 1977లో అపీలు కోర్టు చెప్పింది. నాన్చి నాన్చి 1987లో చట్టం సవరించారు, 1990కి గానీ రూల్స్ రాలేదు.

ఇంత రాద్ధాంతం దేనికంటే, తొలివాన బియ్యం మొదటి కడుగులాంటిది. మా అమ్మమ్మ ఆ చిక్కటి కడుగుని కుడితి గోలెంలో పోసేది, మూడో కడుగు బీరపాదుకి. యార్డుల్లో వేసవంతా పేరుకున్న నూనె, లోహపు పొడి కూడా అలాగే మొదటి జల్లుకే దిగుతాయి. మా గేదె కుడితి తాగి పాలిచ్చేది. సముద్రం ఈ కడుగు తాగి ఏమిస్తుంది?

సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో, యార్డు నుంచి పారే వాన నీటిలో జింక్ లీటరుకి 117 మైక్రోగ్రాములు దాటితే ఫ్యాక్టరీ కదలాల్సిందే. అది ఎక్కువగా రేకుల కప్పుల నుంచే వస్తుందట. మొదటిసారికి ఊడ్చి శుభ్రం చేసుకోవాలి, తర్వాత కట్టడాలు మార్చుకోవాలి, అప్పటికీ తగ్గకపోతే నీటిని శుద్ధి చేశాకే వదలాలి. ఈ పరీక్షల లెక్కలు అందరికీ తెరిచే ఉంటాయి. పర్మిట్ మీరితే 60 రోజుల నోటీసిచ్చి మామూలు మనిషి కోర్టుకెళ్ళొచ్చు.

అలాగని ఇదేం స్వర్గం కాదు. నమూనా పట్టేది ఫ్యాక్టరీ మనిషే. ఊరి మధ్య డువామిష్ నదిని 2001లోనే విషపూరిత స్థలాల జాబితాలో చేర్చారు. అక్కడే పుట్టి పెరిగే చేపల్ని తినొద్దని ఇప్పటికీ బోర్డులే. సముద్రం నుంచి వచ్చిపోయే సామన్ పరవాలేదట. దాంతో పులుసు పెడతాను. మన కోనం చేప రుచి రమ్మంటే ఎలా వస్తుంది?

ఇక మన విశాఖలో ఓడరేవు వైపు బొగ్గు, ఇనుప ఖనిజం గుట్టల గురించీ, వన్‌టౌన్ మేడల మీది నల్లపొడి గురించీ మీకు నేను చెప్పేదేముంది? ఆ పొడి వానకి ఎటు పోతుందో, మేఘాద్రిగెడ్డ ఎక్కడ కలుస్తుందో జాలర్లకి తెలుసు. మన నీటి కాలుష్య చట్టం 1974దే. 1988 సవరణతో మనకీ 60 రోజుల నోటీసు హక్కు వచ్చింది. నోటీసు రాయాలంటే చేతిలో ఒక లెక్క ఉండాలి. ఏ గెడ్డ మూతి దగ్గర తొలివానకి ఏం తేలిందో జెట్టీ దగ్గర బోర్డు మీద రాసిపెడితే, వేటకెళ్ళేవాళ్ళూ చదువుతారు, చేప కొనేవాళ్ళూ చదువుతారు. వాళ్ళలో ఒక్కరికి కోపమొస్తే చాలు.